సైటు కొనేముందు ఒక మ్యాప్: డేటా ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి

మా బావది హిందూపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాడు. ఈమధ్య వర్తూరు దాటాక ఒక లేఔట్లో 30×40 సైటు చూసుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చే ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేశాడు. "నువ్వేదో మ్యాపుల పని చేస్తావు కదా, ఆ సైటు చెరువులోకి వస్తాదో రాదో చూసి చెప్పు. బ్రోకర్ ఫోన్లో చూపించినాడులే, చెరువు దూరంగానే ఉండాది."

ఒక్క రాత్రిలో చెప్పగలిగే జవాబు కాదది. పది రోజులు ఆగమన్నాను. అక్కకు టెన్షన్, బావకు సైటు చేజారిపోతుందని బెంగ. అయినా ఆగారు. ఆ పది రోజుల్లో ఏ డేటా ఎక్కడ దొరికింది, దేన్ని ఎంతవరకు నమ్మాను, ఎక్కడ పొరపాటు పడబోయి ఆగాను అన్నదే ఈ వ్యాసం. బెంగళూరులో ఇల్లో స్థలమో కొనాలనుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరైనా సొంతంగా మ్యాపు తెరిచి చూసుకోగలగాలని నా కోరిక. దీనికి ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్, కొంత ఓపిక చాలు.

బొమ్మ వేరు, డేటా వేరు

బ్రోకర్ ఫోన్లో చూపించింది బొమ్మ. వేలితో జరుపుతుంటే చిన్న చిన్న చదరపు బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి అతుక్కుంటాయి. వాటిని టైల్స్ అంటారు. అందులో చెరువు నీలిరంగుగా కనిపిస్తుంది కానీ, ఆ నీలిరంగును మనం ఏమీ అడగలేం. "నీ అంచు నుంచి 30 మీటర్లలోపు ఏమేం ఉన్నాయి?" అంటే బొమ్మ చెప్పలేదు.

డేటా అలా కాదు. అందులో చెరువు అంటే ఒక వరుస బిందువులు, ప్రతి బిందువుకూ అక్షాంశం, రేఖాంశం. దానికి తోడు పట్టికలో ఒక అడ్డు వరుస: చెరువు పేరు, ఊరు, విస్తీర్ణం, ఎవరు ఎప్పుడు గీశారు. దూరం కొలవవచ్చు, చుట్టూ హద్దు గీయవచ్చు, ఇంకో పటంతో కలిపి చూడవచ్చు. ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లలో నేను వాడేది, కొత్తవాళ్ళకు చెప్పేది క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ప్రపంచమంతటి నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు దాన్ని పెంచారు. పూర్తిగా ఉచితం. దించుకునేటప్పుడు 'లాంగ్ టర్మ్ రిలీజ్' అని ఉన్న రకం తీసుకోండి, నిలకడగా ఉంటుంది.

మ్యాప్ డేటా రెండు రకాలు. బిందువులు, గీతలు, హద్దులతో ఉండేది వెక్టర్: చెరువు హద్దు, రోడ్డు, సర్వే నంబరు. గళ్ళ కాగితంలా ఉండేది రాస్టర్: ఉపగ్రహ చిత్రం, ఎత్తుల పటం. రాస్టర్‌లో ఒక గడికి ఒకే విలువ. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహం ఇచ్చే మెరుగైన చిత్రంలో గడి 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. 30×40 సైటు 1200 చదరపు అడుగులు, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. మా బావ జీవితకాలపు పొదుపంతా ఆ చిత్రంలో ఒకే ఒక్క గడి. 30 మీటర్ల గడి ఉన్న ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రంలో అయితే అలాంటి సైట్లు ఎనిమిది ఒకే గడిలో కలిసిపోతాయి. ఈ లెక్క ముందే వేసుకుంటే ఏ డేటాను ఏ ప్రశ్న అడగవచ్చో తెలిసిపోతుంది.

"చెరువు" అంటే ఏ గీత?

డేటా వెతకబోయే ముందు ప్రశ్నను విడదీయాలి. నేను మొదట్లో ఈ పని చేసేవాణ్ణి కాదు. కనిపించిన ఫైలల్లా దించుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏమీ తేలక కూర్చునేవాణ్ణి.

హైదరాబాద్‌లో 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట తెలుగువాళ్ళందరికీ అలవాటైంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆ గీత అది. దానికి లోపల ఈరోజు నీళ్ళు ఉన్నంత మేర ఇంకో గీత. ఇవి రెండూ కాక రెవెన్యూ రికార్డులో చెరువు పేరున ఉన్న సర్వే నంబరు హద్దు. తెలంగాణలో శిఖం భూమి అంటామే, అలాంటిది. ఈ మూడూ మూడు చోట్ల ఉంటాయి. బ్రోకర్ చూపించే నీలిరంగు సాధారణంగా ఈరోజు నీళ్ళున్నంత మేర గీసిన గీత, అన్నింటికన్నా చిన్నది.

బెంగళూరు విషయంలో ఇంకొకటి కూడా ఉంది. ఇక్కడి చెరువులు విడివిడిగా తవ్వినవి కావు, గొలుసుకట్టు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కాలువలో పడి కింది చెరువుకు చేరతాయి. ఇక్కడివాళ్ళు ఆ పెద్ద కాలువను రాజకాలువె అంటారు. అగర నుంచి బెళ్ళందూరు, అక్కడి నుంచి వర్తూరు, ఆపైన దక్షిణ పినాకిని నది. కాబట్టి రెండు చెరువుల మధ్య ఉన్న సైటుకు చెరువు దూరంగా ఉన్నా నీటి దారి దగ్గరే ఉండవచ్చు. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వైపు కాలనీలు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళినప్పుడు నీళ్ళు తమ పాత దారినే వెతుక్కున్నాయి.

అలా బావ అడిగిన ఒక ప్రశ్న నాలుగైంది. ఈరోజు నీళ్ళు ఎక్కడ ఉన్నాయి? ఇంతకుముందు ఎక్కడ ఉండేవి? కాగితం మీద ఏముంది? వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి? వీటికి నాలుగు రకాల డేటా కావాలి. ఏ ఒక్క వెబ్‌సైటులోనూ నాలుగూ దొరకవు.

దించుకునే చోట్లు

మొదట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు, మూలం పేరు చెప్పి వాడుకోవచ్చు. దక్షిణ భారతం మొత్తం ఒకే ఫైలుగా జియోఫాబ్రిక్ అనే సైటులో దొరుకుతుంది కానీ ఒక్క ఊరి కోసం అంత బరువు అక్కర్లేదు. క్యూజీఐఎస్‌లో 'ప్లగిన్స్' మెనూలోకి వెళ్ళి క్విక్‌ఓఎస్ఎమ్ అనేదాన్ని పెట్టుకోండి. అందులో కీ 'నేచురల్', విలువ 'వాటర్' అని ఇచ్చి, తెర మీద కనిపించే ప్రాంతం వరకే అడిగితే అక్కడి చెరువులన్నీ అర నిమిషంలో లేయరుగా, అంటే పటం మీద ఒక పొరగా వచ్చేస్తాయి. కీ 'వాటర్‌వే' అని మారిస్తే కాలువలు. నాకు సాయం చేసిన పనిముట్లలో దీనంత సుళువైనది ఇంకొకటి లేదు.

ప్రభుత్వ డేటాకు వస్తే, కర్ణాటక రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే కే-జీఐఎస్ పోర్టల్‌లో జిల్లా, తాలూకా, హోబళి, గ్రామ సరిహద్దులు దొరుకుతాయి. ఫోన్లో దిశాంక్ అనే యాప్ పెట్టుకుంటే మనం నిలబడిన చోటు ఏ సర్వే నంబరులో ఉందో చూపిస్తుంది. సైటు చూడటానికి వెళ్ళినప్పుడు బావ చేత నేను చేయించిన మొదటి పని అదే. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) 2009 నుంచి నడుపుతున్న భువన్ అనే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుల డేటా దించుకోవచ్చు. బెంగళూరు నగర డేటాను స్వచ్ఛందంగా ఒకచోట చేర్చిన ఓపెన్‌సిటీ, ఈ ఊళ్ళోనే మొదలైన డేటామీట్ బృందం పెట్టిన ఫైళ్ళు కూడా చాలా ఉపయోగం. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 పటాలు ఆన్‌లైన్లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి.

ఫైలు ఏ రూపంలో వస్తుందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం తలనొప్పి అక్కడే. షేప్‌ఫైలు పేరుకు ఒక ఫైలే కానీ నిజానికి నాలుగైదు ఫైళ్ళ గుంపు. ఆకారం ఒకదాంట్లో, పట్టిక ఇంకోదాంట్లో, కొలమానం మరోదాంట్లో ఉంటాయి. వాట్సాప్‌లో డాట్ ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపిస్తే అవతలివాళ్ళకు అది పనికిరాదు. జిప్ చేసి మొత్తం పంపాలి. పైగా అందులో పట్టిక శీర్షికకు పది అక్షరాలే చోటు. అక్షరాల ఎన్‌కోడింగ్ సరిగ్గా చెప్పకపోతే తెలుగు, కన్నడ పేర్లు పిచ్చి గుర్తులుగా మారిపోతాయి. లేయర్ ప్రాపర్టీస్‌లో 'యూటీఎఫ్-8' ఎంచుకుంటే చాలాసార్లు తిరిగి వస్తాయి. నేనైతే ఏది దించుకున్నా వెంటనే జియోప్యాకేజ్ రూపంలోకి మార్చి దాచుకుంటాను. ఒకే ఫైలు, ఎన్ని లేయర్లయినా పడతాయి, తెలుగు చెడదు.

దించుకున్న రోజు తేదీ, ఎక్కడి నుంచి తెచ్చామో ఆ చిరునామా ఒక నోటు ఫైల్లో రాసుకోవడం మర్చిపోవద్దు. ఎందుకో చెప్పడానికి బెంగళూరు వార్డులే ఉదాహరణ. చాలాకాలం 198 వార్డులు. 2022లో 243 చేశారు. 2023లో 225 చేశారు. 2025లో పాత మహానగర పాలికే పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. 'బెంగళూరు వార్డులు' అన్న పేరుతో ఇవన్నీ ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. 2011 జనాభా లెక్కలు 198 వార్డులకే సరిపోతాయి. వాటిని 225 వార్డుల పటానికి వార్డు నంబరుతో జోడిస్తే సాఫ్ట్‌వేరు అభ్యంతరం చెప్పదు, రంగులు కూడా చక్కగా వేస్తుంది. వచ్చేది మాత్రం ఒక వార్డు మనుషులను ఇంకో వార్డులో చూపించే పటం.

అంకెలు ఏ కొలమానంలో ఉన్నాయి?

చాలామంది ఈ పని వదిలేసేది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

భూమి గుండ్రం, తెర బల్లపరుపు. గుండ్రటిదాని మీది చోటును అంకెల్లో చెప్పడానికి రకరకాల పద్ధతులున్నాయి. ఏ పద్ధతి వాడారో చెప్పేది సీఆర్ఎస్, దానికో నంబరు ఉంటుంది. ఫోన్ జీపీఎస్ వాడేది ఈపీఎస్‌జీ 4326: అక్షాంశ రేఖాంశాలు, డిగ్రీల్లో. బెంగళూరు నడిబొడ్డు సుమారు 12.97 ఉత్తర అక్షాంశం, 77.59 తూర్పు రేఖాంశం. దూరాలు మీటర్లలో కావాలంటే యూటీఎమ్ అనే పద్ధతి. అది భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా కోస్తుంది. 72 నుంచి 78 డిగ్రీల దాకా 43వ పట్టీ, 78 నుంచి 84 దాకా 44వది. బెంగళూరు, హిందూపురం, అనంతపురం 43లో పడతాయి, నంబరు 32643. కడప, తిరుపతి, హైదరాబాద్, చెన్నై 44లో, నంబరు 32644. పట్టీలు మారే గీత హొసకోటె, కోలారుల మధ్య నుంచి పోతుంది. మీది కోలారు వైపు సైటయితే నా సెట్టింగులు వాడకండి.

ఇందులో మూడు పొరపాట్లు అందరూ చేసేవే, నేనూ చేసినవే.

క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్ఎస్' అని ఒకటి, 'రీప్రాజెక్ట్ లేయర్' అని ఇంకొకటి ఉంటాయి. రెండూ ఒకటేనని అనిపిస్తుంది. కావు. బియ్యం బస్తా మీద 'శేర్లు' అని రాసిన చీటీ చింపి 'కిలోలు' అన్న చీటీ అంటిస్తే లోపలి బియ్యం మారదు కదా. మొదటిది ఆ చీటీ మార్చడం. రెండోది నిజంగా శేర్లను కిలోల్లోకి లెక్కకట్టడం. చీటీయే తప్పుగా ఉన్నప్పుడు మాత్రమే మొదటిది వాడాలి. మిగతా అన్నివేళలా రెండోదే.

రెండో పొరపాటు అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం. ఫోన్లోని గూగుల్ మ్యాప్ ముందు అక్షాంశం చెబుతుంది. క్యూజీఐఎస్‌కు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. సైటు నాలుగు మూలల అంకెలు ఎక్సెల్‌లో రాసి సీఎస్‌వీగా తెచ్చి, నేను ఈ రెండూ మార్చి పెట్టాను. బావ సైటు ఉత్తర ధ్రువం దారిలో, స్వాల్‌బార్డ్ దీవుల పక్కన సముద్రంలో తేలింది. ఇంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది కాబట్టి నష్టం లేదు.

మూడోది కంటికి కనిపించదు, అదే ప్రమాదం. లేయరు 4326లో ఉండగా 'బఫర్' (చుట్టూ అంత దూరాన గీసే హద్దు) అడిగి 30 అని కొడితే అది 30 మీటర్లు కాదు, 30 డిగ్రీలు. హద్దు హిమాలయాలు దాటిపోతుంది. అది కూడా తెలిసిపోతుంది. కానీ వెబ్ మ్యాపులు వాడే 3857 అనే పద్ధతిలో కొలిస్తే అంకె నిజంలాగే ఉంటుంది. ఆ పద్ధతి భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్ళేకొద్దీ సాగదీస్తుంది. బెంగళూరు దగ్గర పొడవు రెండున్నర శాతం పైచిలుకు, విస్తీర్ణం ఐదు శాతం పైచిలుకు పెరుగుతాయి. వంద ఎకరాల చెరువు నూట ఐదు అవుతుంది, ఎవరూ గమనించరు. అందుకే కొలిచే ముందు అన్నింటినీ 32643లోకి మార్చుకుంటాను.

పాత పటాలకు ఇంకో సంగతి ఉంది. 1802లో చెన్నై పరంగిమలై దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే పరంపరలో మన దేశం పటాలు ఎవరెస్ట్ అనే దీర్ఘగోళం లెక్కతో తయారయ్యాయి. ఇప్పటి జీపీఎస్ లెక్క వేరు. పాత పటం మీది అక్షాంశ రేఖాంశాలను నేరుగా జీపీఎస్ అంకెలనుకుంటే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. సైటు కొలతకు అది చాలా ఎక్కువ.

తెరిచి చూడటం

లేయరు రాగానే రంగులు మార్చుకుంటూ కూర్చోవడం కన్నా ముందు పట్టిక తెరవండి. ఎఫ్6 నొక్కితే వస్తుంది. ఎన్ని వరుసలున్నాయి, ఏ గడులు ఖాళీ, ఏ పేరు రెండుసార్లు వచ్చింది అన్నవి అక్కడే తెలుస్తాయి. వర్తూరు చుట్టుపక్కల నాకు వచ్చిన చెరువుల్లో చాలావాటికి పేరే లేదు. పేరు లేకపోతే రెవెన్యూ రికార్డుతో కలపలేం, దానికి ఊరి పేరు తోడు కావాలి.

ఊరి పేర్లలోనే కొంత చరిత్ర దొరుకుతుంది. ఊళ్ళ లేయరు తెచ్చుకుని, పేరు చివర 'సంద్ర' అని ఉన్నవి వెతకమని అడిగాను. బొమ్మసంద్ర, సింగసంద్ర, జక్కసంద్ర, దేవసంద్ర... వరుసగా మెరిశాయి. సంద్ర అంటే సముద్రం, మన రాయలసీమలో చెరువుకట్టి వెలిసిన ఊళ్ళకు సముద్రం, సాగరం అని పేరు పెట్టినట్టే. 'కెరె', 'కుంటె' అన్నవాటితో కూడా ఇదే చేయండి. కుంటె మన కుంటే. ఇప్పుడు నీళ్ళు లేని ఊళ్ళో పేరు మాత్రం మిగిలి ఉంటే, పాత పటం తీసి చూడాల్సిన చోటు అదే. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువులో.

బావ సైటు దగ్గరి చెరువుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చరిత్ర కూడా తెరిచాను. ప్రతి గీతనూ ఎప్పుడు గీశారో, ఎన్నిసార్లు మార్చారో అక్కడ ఉంటుంది. ఎవరో ఉపగ్రహ చిత్రం చూసి, నీళ్ళు కనిపించినంత మేరకే గీసినట్టున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, వాళ్ళకు కనిపించింది అంతే. కానీ బ్రోకర్ 'దూరంగా ఉంది' అన్నది ఈ గీత నుంచే.

ఇంతకుముందు నీళ్ళు ఎక్కడ?

దీనికి ల్యాండ్‌శాట్ పరంపర. మొదటి ఉపగ్రహం 1972లో ఎగిరింది. 2008 నుంచి చిత్రాలన్నీ ఉచితం. అవన్నీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక లేకపోతే, ఐరోపా సంఘం పరిశోధనా కేంద్రం ఆ పని చేసిపెట్టింది. గ్లోబల్ సర్ఫేస్ వాటర్ అనే పటంలో 1984 నుంచి ప్రతి గడిలోనూ ఎన్ని శాతం సార్లు నీళ్ళు కనిపించాయో ఉంటుంది. పది డిగ్రీల పలకలుగా దించుకోవాలి. ఎడమ పై మూల 70 తూర్పు, 20 ఉత్తరం ఉన్న పలకలో బెంగళూరు ఉంటుంది.

దాన్ని పైన వేసి చూస్తే చెరువు ఇప్పటి గీతకన్నా ఒక వైపు వెడల్పుగా ఉంది. ఆ అంచున అంకెలు చిన్నవి. ఎప్పుడో ఒకప్పుడు, మంచి వానలు పడిన ఏడాది, నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని అర్థం. సైటు ఆ అంచుకు కూడా బయటే ఉంది. ఇక్కడ కొంచెం ఊపిరి పీల్చుకున్నాం.

దగ్గరి కాలం చూడాలంటే 2015 నుంచి ఉన్న సెంటినెల్-2. వానాకాలం మబ్బులు అడ్డం కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న చిత్రాలు ఎంచుకుంటాను. నీరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ అనే కంటికి కనిపించని వెలుగును మింగేస్తుంది, చెట్టు చేమ దాన్ని తిప్పికొడతాయి. కాబట్టి ఆకుపచ్చ వెలుగు విలువలోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ విలువను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే నీళ్ళున్న చోట సున్నాకు పైన వస్తుంది. క్యూజీఐఎస్ రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఇది ఒక్క వరుస లెక్క. బెంగళూరులో మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇక్కడి చెరువుల మీద గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. ఉపగ్రహానికి అది పచ్చటి పొలంలా కనిపిస్తుంది. బెళ్ళందూరు అంత పెద్ద చెరువులో కూడా కొన్ని నెలల చిత్రాల్లో సగం మేర నీళ్ళు లేనట్టు లెక్క రావచ్చు. నీళ్ళు కనిపించలేదంటే చెరువు లేదని కాదు.

నీళ్ళు ఎటు పోతాయి?

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. ఆ డేటా 30 మీటర్ల గడితో ఉచితం. శ్రీహరికోట నుంచి 2005లో వెళ్ళిన కార్టోశాట్-1 చిత్రాలతో చేసిన ఎత్తుల డేటా భువన్‌లో ఉంది. దేన్ని తెచ్చుకున్నా 'హిల్‌షేడ్' (ఎత్తుపల్లాలను వెలుగునీడలుగా చూపే పటం) వేసి చూడండి, ఊరు ఎలా కూర్చుందో కళ్ళకు కడుతుంది. బెంగళూరు ఒక గట్టు మీద ఉంది. పడమర వైపు పడిన వాన వృషభావతిలోకి, అర్కావతిలోకి, చివరికి కావేరిలోకి పోతుంది. తూర్పున పడింది దక్షిణ పినాకినిలోకి. ఆ పటాన్నే ఇంకొంచెం ఉత్తరానికి లాగితే నంది కొండలు, అక్కడ పుట్టి హిందూపురం మీదుగా నెల్లూరు దాకా వెళ్ళే మన పెన్న. బావకు ఇది చూపిస్తే చాలాసేపు తెర వదల్లేదు. తన ఊరి ఏరు తను ఇప్పుడు ఉంటున్న ఊరి పక్కనే పుట్టిందని ఆయనకు అప్పుడే తెలిసింది.

అయితే ఈ డేటా పెద్ద లోయలకే. రాడార్ మేడల పైకప్పులనూ చెట్ల కొమ్మలనూ కూడా నేలగా లెక్కేస్తుంది. రెండు మీటర్ల లోతు కాలువ 30 మీటర్ల గడిలో ఆనవాలుకు కూడా దొరకదు. నీటి ప్రవాహం లెక్క వేయిస్తే పై చెరువు నుంచి కింది చెరువుకు ఒక దారి గీసింది. ఆ గీత లేఔట్ మధ్య నుంచే పోయింది. నేల మీద ఆ దారి ఎక్కడ ఉండేదో ఇది చెప్పలేదు, కానీ కాలువ ఒకటి ఉండే ఉంటుందని అనుమానం మాత్రం గట్టిపడింది.

కాగితం మీది గీత

ఇక మిగిలింది గ్రామ పటం. కర్ణాటక రెవెన్యూ శాఖ సైటులో పాత గ్రామ పటాలు స్కాన్ చేసి పెట్టారు. ఎనిమిది అంగుళాలకు ఒక మైలు, అంటే 1:7920. ఈ స్కేలు ఎందుకు ముఖ్యమంటే, పటం మీద అర మిల్లీమీటరు మందం గీత 1:50,000లో 25 మీటర్లు. గ్రామ పటంలో 4 మీటర్లు. సైటు పొడవే 12 మీటర్లు, కాబట్టి 1:50,000 పటం ఇక్కడ పనికిరాదు.

స్కాన్ చేసిన పటానికి అక్షాంశ రేఖాంశాలు ఉండవు. క్యూజీఐఎస్‌లో జియోరెఫరెన్సర్ తెరిచి, పటం మీది ఒక చోటును, ఉపగ్రహ చిత్రంలో అదే చోటును జతచేసుకుంటూ పోవాలి. లేఔట్లు వచ్చాక మారని చోట్లు దొరకడం కష్టం. చెరువుకట్ట రెండు చివరలు, పాత గుడి, ఊరి నడుమ రెండు బాటలు కలిసే మూల, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటు. ఇలా ఎనిమిది దొరికాయి. సగటు తేడా 9 మీటర్లు చూపించింది. రెండు రాత్రులు కూర్చున్నా అంతకన్నా తగ్గలేదు.

ఆ పటంలో కాలువ ఉంది. పై చెరువు అలుగు నుంచి కింది చెరువు దాకా జంట గీత, పక్కన హళ్ళ అని కన్నడలో రాసి ఉంది. మన వాగు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అది లేదు, ఉపగ్రహ చిత్రంలో దాని మీద సిమెంటు రోడ్డు ఉంది. సైటు దగ్గరి మూలకు ఆ గీత మధ్య నుంచి కొలిస్తే 17 మీటర్లు.

బెంగళూరు 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువు చుట్టూ 30 మీటర్లు, కాలువలకు స్థాయిని బట్టి మధ్య నుంచి 50, 25, 15 మీటర్లు వదలాలి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువులకు 75 మీటర్లు చేసింది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. ఈ నియమాలు మారుతుంటాయి, కొనే రోజున మీ సైటుకు ఏది వర్తిస్తుందో లాయరును అడగాలి. మా లెక్కకు 15 తీసుకుంటే 17 మీటర్లు బయటే. కానీ నా పటంలో తేడా 9 మీటర్లు. అంటే అసలు దూరం 8 అయినా కావచ్చు, 26 అయినా కావచ్చు. అదీ కాలువ మూడో స్థాయిదే అయితే. రెండో స్థాయిదని తేలితే 25 మీటర్లు వదలాలి.

ఇదే మాట బావకు చెప్పాను. "అంటే లోపలా బయటా?" అన్నాడు. నా దగ్గరున్న డేటాతో ఆ ప్రశ్నకు జవాబు రాదని, కాలువ మాత్రం ఉందని, అది బ్రోకర్ చెప్పలేదని అన్నాను.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. ఆ గీతను ఫోన్లో వేసుకుని దాని వెంట నడిచాం. ఫోన్ జీపీఎస్‌కు కూడా ఐదారు మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి నీలి చుక్కను కాక నేలను చూస్తూ నడిచాం. లేఔట్ చివర, కాంపౌండు గోడ కింద, ఒక రాతి మోరీ సగం పూడి కనిపించింది. పక్కన గొర్రెలు మేపుతున్న పెద్దాయనతో బావ తెలుగులోనే మాట కలిపాడు. వాన గట్టిగా పడితే ఇప్పటికీ రోడ్డు మీద మోకాళ్ళలోతు నీళ్ళు పారతాయని ఆయన చెప్పాడు.

అడ్వాన్సు ఇవ్వలేదు. సర్వే నంబరు పెట్టి కొలతకు లైసెన్సు ఉన్న సర్వేయరుతో మాట్లాడాం, వచ్చే మంగళవారం వస్తానన్నాడు. ఆ మోరీ ఉన్న చోటును ఒక బిందువుగా ఫైల్లో కలిపాను. ఆయన కొలిచే రాళ్ళు కూడా అదే ఫైల్లో చేరితే నా 9 మీటర్లు ఎంతకు తగ్గుతుందో చూడాలి.